డోరీన్ ఇంటి బోలు గోడ

ఈ ఇద్దరు మగాళ్ళకి చెప్పడం కంటే గోడకి చెప్పుకోవడం నయం. ఆ చలికాలం డోరీన్ హెస్లప్ ఈ మాట ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. గోడయితే కనీసం ఎదురు మాట్లాడదు. పైగా ఆ ఏడాది ఆమెకు పని పడింది కూడా గోడతోనే.

డోరీన్ డెబ్భై దాటిన మనిషి. హాథర్లా బడి వంటింట్లో గరిటె తిప్పి రిటైరయింది. కేకేస్తే మైదానం చివర ఆడుకునే పిల్లలు కూడా పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొచ్చేవారు. గని కార్మికుల పెద్ద సమ్మె జరిగిన ఏడాది ఊరంతటికీ బఠానీ సూపు కాచి పోసింది ఆమే. ఇప్పుడు ఆ గొంతంతా ఒక్క మనిషి మీద ఖర్చవుతోంది. ఆ మనిషి ఆమె మొగుడు విల్ఫ్.

హాథర్లా గని మూతపడి ఇరవై ఏళ్ళయింది. గని పోయింది కానీ గని దుమ్ము విల్ఫ్ ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, మెట్లు దిగితే ఆయాసం, డోరీన్ మీద అరిస్తే మరీ ఆయాసం. అయినా ఆ మూడో పని మాత్రం మానలేదు. ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చేవాడు. తూర్పున సముద్రం మీంచి చలిగాలి మొదలయిందంటే మాత్రం పడగ్గదిలో ఊపిరి ఈల వేసేది. గ్యాస్ హీటరు మంట ఎంత పెంచినా ఆ గది వేడెక్కదు. పొద్దున్నే కిటికీ అద్దానికి లోపలివైపే మంచు కట్టి ఉండేది. కిందటి చలికాలం రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు.

ఇంటికొచ్చి చూసివెళ్ళే నర్సు డోరీన్‌ని గుమ్మం దాకా తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది.

"మందుల పని మందులు చేస్తాయి తల్లీ. ఆ గది మాత్రం వెచ్చబడాలి. ఇంకోసారి ఛాతీకి జలుబు పట్టిందంటే, ఈసారి తిరిగి ఇంటికి పంపిస్తామని నేను మాటివ్వలేను."

డోరీన్ ఆ రోజే ఫోను పట్టుకుంది. పాత ఇళ్ళ గోడలు వెచ్చబరిచే పని సర్కారు ఖర్చుతో జరుగుతోందని ఊళ్ళో అంటున్నారు. ఎవరెవరికో చేసి, చివరికి కెన్నీ అనే మేస్త్రీని ఇంటికి రప్పించింది.

కెన్నీ లావుగా, నవ్వుమొహంతో ఉంటాడు. వస్తూనే బయటి గోడకి చిన్న కన్నం పెట్టి, దాంట్లోకి సన్నటి కెమెరా గొట్టం దూర్చి చూశాడు.

"ఏముందయ్యా లోపల?"

"ఏం లేదు తల్లీ. గాలి. బోలెడంత గాలి."

ఆ ఇళ్ళ గోడ చూడ్డానికి ఒకటే కానీ నిజానికి రెండు. బయట ఒక ఇటుక వరస, లోపల ఒక ఇటుక వరస, నడుమ మూడు వేళ్ళ ఖాళీ. వాన తడి లోపలికి దిగకూడదని పాతకాలం మేస్త్రీలు అలా కట్టారు. తడి రాలేదు, నిజమే. కానీ ఆ ఖాళీలోకి సముద్రపు గాలి దూరి తిరుగుతోంది. డోరీన్ ఇన్నేళ్ళూ వేడి పెట్టింది ఆ గాలికన్నమాట!

"ఆ ఖాళీ నింపేస్తాం. తెల్లటి గింజలుంటాయి, సగ్గుబియ్యమంత. వాటికి జిగురు కలిపి గొట్టంతో లోపలికి ఊదుతాం. ఒక్క పూట పని. ఆ రాత్రి మీ ఆయన దుప్పటి తన్నేసి పడుకుంటాడు," అన్నాడు కెన్నీ.

డోరీన్ ప్రాణం లేచొచ్చింది. టీ పెట్టింది. దాచిన కేకు కూడా కోసింది. అప్పుడు కెన్నీ, కేకు నములుతూ, అసలు సంగతి బయటపెట్టాడు.

"ఒకటే చిక్కు. మీవి జంట ఇళ్ళు కదా. ఆ ఖాళీ రెండిళ్ళకీ ఒకటే. నడుమ అడ్డం లేకుండా ఊదితే గింజలన్నీ పక్కింటి గోడలోకి..."

కుర్చీలో కునుకు తీస్తున్న విల్ఫ్ కళ్ళు తెరిచాడు.

"ఎక్కడికీ?"

"పక్కింట్లోకండీ. అందుకే కప్పు కింద ఒక ఇటుక తీసి, రెండిళ్ళ హద్దు దగ్గర ఆ ఖాళీలోకి పొడుగాటి బ్రష్షు దింపుతాం. గింజలు అక్కడ ఆగిపోతాయి."

"దింపు. నాలుగు దింపు. వాడి గోడలోకి ఒక్క గింజ పోయిందో..." అంటూ దగ్గు అందుకున్నాడు విల్ఫ్. ఆ దగ్గు తగ్గేసరికి కెన్నీ టీ చల్లారిపోయింది.

నిచ్చెన ఎక్కడ వెయ్యాలో చూద్దామని పెరట్లోకి వెళ్ళిన కెన్నీ బుర్ర గోక్కున్నాడు. సరిగ్గా హద్దుకి ఇవతల, గోడకి ఆనుకుని, మనిషెత్తు దాటిన ఇటుక కట్టడం ఒకటి ఉంది.

"ఏంటిది?"

"బొగ్గు గది," అంది డోరీన్, ఎటో చూస్తూ.

"ఇంత ఎత్తా? బొగ్గు పోశారా, ఏనుగుని పెంచారా? ఇది ఉండగా ఇటునించి నిచ్చెన పడదు తల్లీ. అటుపక్క పెరట్లోంచే వెయ్యాలి. పక్కింటాయనతో ఒక్క మాట చెప్పించండి, అయిపోతుంది."

డోరీన్‌కి నవ్వొచ్చింది. అలాంటి నవ్వు మనిషికి ఏడుపొచ్చినప్పుడే వస్తుంది.

"ఒక్క మాటా? నాయనా, నీకు తెలీదు. ముప్పై ఏళ్ళుగా ఈ రెండిళ్ళ మధ్య లేనిదే ఆ ఒక్క మాట."

పక్కింటాయన పేరు మ్యాటీ రేన్. విల్ఫూ మ్యాటీ గనిలో ఒకే జట్టు. నేల కింద పక్కపక్కన బోర్లా పడుకుని బొగ్గు తవ్వారు, ఒకడి సీసాలో టీ ఇంకొకడు తాగాడు, పక్కపక్క ఇళ్ళల్లోనే కాపురాలు పెట్టారు. తర్వాత సమ్మె వచ్చింది. ఏడాదిపాటు జీతం లేదు. బొగ్గు తవ్వేవాళ్ళ ఇళ్ళల్లోనే పొయ్యిలోకి బొగ్గు లేదు. విల్ఫ్ సముద్రం ఒడ్డున అలలు తెచ్చి పడేసిన బొగ్గు ఏరి, సైకిలు మీద బస్తా వేసుకుని తెచ్చేవాడు. సమ్మె ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా, ఒక తెల్లవారుజామున మ్యాటీ, సమ్మెవాళ్ళ రాళ్ళు తగలకుండా కిటికీలకి ఇనుప వల కట్టిన బస్సెక్కి గనిలోకి పనికి వెళ్ళిపోయాడు.

అంతే. ఊరు ఊరంతా అతని మీద ఉమ్మేసింది. తలుపు మీద ఎర్ర రంగుతో 'ద్రోహి' అని రాశారు. మ్యాటీ పెళ్ళాం ఐరిస్ దాన్ని చెరిపితే మళ్ళీ రాశారు. ఏళ్ళు గడిచాక కొందరు మెత్తబడ్డారు, చాలామంది పోయారు. విల్ఫ్ మాత్రం మెత్తబడలేదు, పోలేదు. ఆ మాటకొస్తే తిట్టనూ లేదు. నోరే విప్పలేదు. ఎదురుపడితే మ్యాటీ గాలితో చేసిన మనిషన్నట్టు అతని మీంచి అవతలికి చూసేవాడు. సమ్మె ముగిశాక వచ్చిన ఎండాకాలం, పెరట్లో వాడి మొహం కనపడకూడదని ఆ బొగ్గు గది కట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ కోపమంతా ఇటుకల మీద పెట్టాడు. ఐరిస్ పోయిన రోజున కూడా విల్ఫ్ గడప దాటలేదు. డోరీన్ ఒక్కతే నల్లకోటు వేసుకుని వెళ్ళొచ్చింది. ఎక్కడికెళ్ళావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంత మౌనంలోనూ ఒకరి బతుకు ఒకరికి దాగదు. నడుమ ఉన్నది ఒకే గోడ కదా. మ్యాటీ దగ్గు విల్ఫ్‌కి తెలుసు, విల్ఫ్ దగ్గు మ్యాటీకి తెలుసు. రెండు ఛాతీల్లోనూ ఉన్నది ఒకే గని దుమ్ము.

మర్నాడు డోరీన్ మ్యాటీ తలుపు తట్టింది. మ్యాటీ ఇంట్లోనే ఓవర్‌కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని ఉన్నాడు. ఆ ఇల్లు ఆమె ఇంటికంటే చల్లగా ఉంది. మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది.

"నిచ్చెనే కదా. వేసుకోమను," అన్నాడు మ్యాటీ.

"నిజంగానా? నువ్వు సల్లగుండాలయ్యా!"

"విల్ఫ్‌ని వచ్చి అడగమను."

డోరీన్ కూర్చోబోయినదల్లా నిలబడిపోయింది.

"రాలేడు మ్యాటీ. పెరడు దాటేసరికి ఊపిరందదు."

"రానక్కర్లేదు. కంచె దగ్గర నిలబడి అడగమను. కిటికీలోంచి అరవమను. గోడకి నోరు పెట్టి చెప్పినా నాకు వినపడుద్ది. ఒక్క మాట డోరీన్, వాడి నోటితో. నువ్వు రాయబారం తెస్తే చెల్లదు."

"ఆయన ప్రాణం మీదికొచ్చిందయ్యా. నర్సు ఏమందో తెలుసా?"

"తెలుసు. రాత్రంతా వింటూనే ఉన్నా కదా," అన్నాడు మ్యాటీ, టీ కప్పులోకి చూస్తూ.

ఆ గదిలో చలికి డోరీన్ చేతులు రుద్దుకుంది. "పోనీ నువ్వూ చేయించుకోరాదూ? ఊరికే చేస్తున్నారు. రెండిళ్ళకీ ఒకేసారి ఊదితే బ్రష్షూ వద్దు, నిచ్చెన గొడవా వద్దు."

మ్యాటీ తల అడ్డంగా ఊపాడు. "నాకొద్దు. వేడి కోసం ఒకసారి చేసిన పని చాలు ఈ జన్మకి."

డోరీన్ ఇక ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడాది మ్యాటీ ఇంట్లో పసిపాప ఉంది. ఆ పాపకి ఛాతీ పట్టేసింది. అందుకే అతను బస్సెక్కాడని డోరీన్‌కి తెలుసు. విల్ఫ్‌కీ తెలుసు. తెలిసిందల్లా మనసులోకి దిగుతుందా?

ఇంటికొచ్చి చెప్పింది. విల్ఫ్ మొహం కందగడ్డలా అయింది.

"వాణ్ణి నేను అడగాలా?"

"ఒక్క మాట."

"చస్తే అడగను."

"చస్తావు కూడా. నా బాధంతా అదే!"

"వాడడిగాడా ఆ రోజు? గోడ అవతలే ఉన్నా నేను. పెరట్లో సముద్రపు బొగ్గుంది. ఒరేయ్ విల్ఫ్, పిల్లకి బాలేదురా అని ఒక్క మాట అంటే బస్తా భుజాన వేసుకెళ్ళి వాడి పొయ్యి దగ్గర దింపి వచ్చేవాణ్ణి. నోరు విప్పలేదు. వెళ్ళి బస్సెక్కాడు. ఇప్పుడు నేను విప్పాలా?"

పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడు ఒకడుంటే ఇంట్లో సర్దుకోవచ్చు. గోడకి అటొకడు, ఇటొకడు, ఇద్దరి చేతుల్లోనూ మూడుకాళ్ళ కుందేళ్ళే ఉంటే ఆడమనిషి ఏం చేస్తుంది? ఇద్దరి మధ్యా డోరీన్ అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. పొద్దున ఇటు చెప్పేది, సాయంత్రం అటు చెప్పేది. ఇటు 'చస్తే అడగను', అటు 'అడిగితేనే'. మధ్యలో ఆమె చెప్పులు అరిగాయి తప్ప ఒక్క ఇటుక కదల్లేదు.

ఇటుక అంటే గుర్తొచ్చింది. ఒకరోజు ఆ కోపంలోనే పాత సుత్తి పట్టుకుని బొగ్గు గది మీదికి వెళ్ళింది. ఈ దిక్కుమాలిన గది కూలితే నిచ్చెన తన పెరట్లోనే పడుతుంది, ఎవణ్ణీ దేబిరించనక్కర్లేదు అనుకుంది. బలమంతా పెట్టి కొట్టింది. ఒక్క పెచ్చు ఊడింది. మళ్ళీ కొట్టింది. సుత్తి పిడి ఊడింది. పైన కిటికీ తెరుచుకుంది.

"అది నేను కట్టిందే! ఆడదాని సుత్తికి కూలడానికి కాదు!" అని అరిచాడు విల్ఫ్. మొహంలో ఎంత గర్వమో!

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కిటికీ ముయ్యి, చలి!" అని అరిచి, పిడి ఊడిన సుత్తిని కంచె మూలకి విసిరేసి, లోపలికి వచ్చి ఏడ్చింది. బంగాళాదుంపలు తరుగుతూ ఏడ్చింది కాబట్టి ఎవరూ చూళ్ళేదు.

కెన్నీకి ఫోను చేసి, బ్రష్షు లేకుండానే ఊదెయ్యమని బతిమాలింది.

"కుదరదు తల్లీ. నేను బస్తాలకి బస్తాలు పోస్తుంటే పక్కింటాయన గోడ తాగుతూనే ఉంటుంది. మీ గోడ సగం దాకా కూడా నిండదు."

"సొమ్మొకడిది, సోకొకడిది!" అన్నాడు విల్ఫ్ పక్కనుంచి. ఇలాంటివి మాత్రం చెవిన పడతాయి.

ఈ లాగుడు పీకుడులోనే నవంబరు వచ్చేసింది. భయపడ్డట్టే అయింది. ఒక వారమంతా మంచు కురిసి, విల్ఫ్‌కి ఛాతీ పట్టేసి, అంబులెన్సులో తీసుకెళ్ళారు. ఈసారికి తిరిగొచ్చాడు. కోటు వేసుకుంటే కొయ్యకి తగిలించినట్టు ఉంది. పడగ్గదిలో అడుగుపెట్టగానే మళ్ళీ ఊపిరి ఈల వేసింది. డోరీన్ ఆ ఈల వింటూ పడుకుంది. అవతలి గోడ వెనక ఇంకో ముసలాడు కూడా అదే వింటున్నాడని ఆమెకి తెలుసు. ఆ సంగతి తలుచుకుంటే మరీ ఒళ్ళు మండేది.

డిసెంబరు మొదట్లో కెన్నీ బండి వీధిలోకి వచ్చింది. గొట్టాలు, నిచ్చెనలు, ఇద్దరు పనివాళ్ళు.

"ఈ వీధి పని ఇవాళ్టితో ఆఖరు తల్లీ. మళ్ళీ మేం ఈ పక్కకొచ్చేది వసంతంలోనే. ఆయన ఒప్పుకున్నాడా?"

వసంతమట. వసంతం దాకా ఎవరుంటారో! డోరీన్ ఏమీ అనకుండా పెరట్లోకి నడిచింది. మ్యాటీ తన వెనక గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, అక్కడే వేర్లు దిగినట్టు. పైన కిటికీ వెనక విల్ఫ్. కెన్నీ మనుషులు టీ కప్పులు పట్టుకుని కంచె దగ్గర చేరారు. ఆ బడి వంటమనిషి గొంతు ఆ రోజు మళ్ళీ లేచింది.

"ఇద్దరూ వినండి! మ్యాటీ, నువ్వు ముందు విను. ఆ ఏడాది నీ పిల్ల దగ్గుతుంటే నేను విన్నా, ఈ గోడలోంచి. రాత్రంతా విన్నా. నువ్వొచ్చి ఒక్క బకెట్టు బొగ్గు అడిగావా? అడగలేదు. పరువు! పరువు పొయ్యిలో వేస్తే మంట వచ్చిందా?" అంటూ గిరుక్కున పైకి తిరిగింది. "నువ్వేం నవ్వక్కర్లేదు కిటికీలో! నువ్వూ విన్నావు ఆ దగ్గు. నా పక్కనే పడుకుని విన్నావు. అడిగితే ఇచ్చేవాడివా? అడక్కపోతే పసిపిల్ల దగ్గు వినపడదా నీకు? కంచె మీంచి ఒక్క బకెట్టు అందిస్తే చెయ్యి పడిపోయేదా? వాడు అడగలేదని నువ్వు, నువ్వు అడగలేదని వాడు! ముప్పై ఏళ్ళు ఇద్దరి బట్టలు ఒకే గాలికి ఆరేసుకున్నాం, ఒకే పొగగొట్టం కింద వండుకున్నాం. ఇవాళ ఆ బండి వెళ్ళిపోతే నేను ఎవరి కోసం వండాలి? చెప్పండి! ఒక్కడన్నా చెప్పండి!"

పనివాళ్ళలో ఒకడు తన బూట్ల వంక చూసుకున్నాడు. పైన కిటికీలో విల్ఫ్ లేడు.

కాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది. ఇంటి చెప్పులతోనే వచ్చాడు విల్ఫ్. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో బొగ్గు గది పట్టుకుని, అడుగు తీసి అడుగేస్తూ కంచె దాకా వచ్చి, ఆ గది మూల నుంచి తల బయటికి పెట్టాడు. అతనికీ మ్యాటీకీ మధ్య ఒక బల్ల పట్టేంత దూరం కూడా లేదు. రొమ్ము ఎగసిపడుతోంది. మాట కోసం ఊపిరి కూడదీసుకుంటున్నాడు. డోరీన్ చెయ్యి ఆమెకి తెలియకుండానే నోటి మీదికి వెళ్ళింది. అడుగుతున్నాడు, దేవుడా, అడుగుతున్నాడు అనుకుంది.

"ఒరేయ్ మ్యాటీ రేన్!" అని అరిచాడు విల్ఫ్. "ద్రోహి వెధవా!"

కెన్నీ చేతిలో టీ ఒలికింది. డోరీన్ కళ్ళు మూసుకుంది. అయిపోయింది, అంతా అయిపోయింది. ఈ మనిషిని కట్టుకున్న రోజుని తిట్టుకోవాలో, ఇతని తల్లిని తిట్టుకోవాలో తెలియలేదు.

"ఏమన్నావ్?" అన్నాడు మ్యాటీ.

"చెవుడు కూడా వచ్చిందా? ద్రోహి వెధవా అన్నా! బస్సెక్కిపోయావ్! నేను గోడ అవతలే ఉంటే, నన్నొక్క మాట అడక్కుండా..." మిగిలింది దగ్గు మింగేసింది.

మ్యాటీ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ మాట ఊరంతా అందిరా. నా తలుపు మీద రాశారు. బళ్ళో నా కూతుర్ని అన్నారు. నువ్వొక్కడివే అనలేదు. నువ్వేమీ అనలేదు, మంచీ లేదు చెడూ లేదు. ఐరిస్ పోయేటప్పుడు కూడా అడిగింది, విల్ఫ్ ఏమన్నా అన్నాడా అని."

విల్ఫ్ నేల చూశాడు. మ్యాటీ పనివాళ్ళ వైపు తిరిగాడు.

"ఏంటి నిలబడి చూస్తున్నారు? నిచ్చెన తెండి. ఆ గులాబీ చెట్టు ఐరిస్‌ది. దాన్ని ఎవడన్నా తొక్కాడో, కాళ్ళు విరగ్గొడతా."

"అడగలేదుగా మ్యాటీ?" అంది డోరీన్. అప్పటికీ ఆమెకి నమ్మకం కుదర్లేదు.

"నోరు తెరిచాడుగా. నాకదే చాలు."

డోరీన్‌కి ఇద్దరినీ ఆ పిడి లేని సుత్తితోనే చెరో దెబ్బ వెయ్యాలనిపించింది. ఇంతేనా! ఈ పాటి దానికా ఆసుపత్రులు, అంబులెన్సులు, అరిగిన చెప్పులు! కానీ కెన్నీ మనుషులు అప్పటికే నిచ్చెన ఎత్తారు. ఆమె విల్ఫ్ చంక కింద చెయ్యి వేసి లోపలికి నడిపించుకుపోయింది.

కప్పు కింద ఇటుక తీశారు. హద్దు మీద బ్రష్షు దింపారు. గోడ పొడుగునా కన్నాలు పెట్టి గొట్టం తగిలించారు. లోపల గది గోడ మీద వడగళ్ళ వాన పడుతున్నట్టు చప్పుడు మొదలయింది. విల్ఫ్ మంచం మీద కూర్చుని, గోడకి చెవి పెట్టి విన్నాడు. సాయంత్రం కన్నాలన్నీ సిమెంటుతో పూడ్చేసి కెన్నీ పైకి వచ్చాడు.

"అటు పోలేదుగా?" అన్నాడు విల్ఫ్.

"ఒక్క గింజ పోలేదండీ. మీదంతా మీకే."

"ఊఁ," అన్నాడు విల్ఫ్. కోరుకున్నది జరిగిన మనిషి మొహంలా లేదు అది.

ఆ గది వెచ్చబడింది. కిటికీకి మంచు కట్టడం మానేసింది. రాత్రిళ్ళు ఈల తగ్గింది. డోరీన్ కూడా ఎన్నో ఏళ్ళకి మేజోళ్ళు లేకుండా పడుకుంది. ఇక హాయిగా ఉందామనుకుంటే కొత్త తలనొప్పి ఒకటి పుట్టింది. రోజూ పొద్దున విల్ఫ్ శాలువా కప్పుకుని వెనక గుమ్మంలోకి వెళ్ళి, బొగ్గు గది వైపు తిరిగి, "ద్రోహి వెధవా!" అని ఒక్క కేక పెట్టేవాడు. గదికి అవతల నుంచి, మనిషి కనపడకుండా, "లేచావా ముసలి గాడిదా!" అని జవాబు వచ్చేది. విల్ఫ్ తృప్తిగా లోపలికి వచ్చి టీ తాగేవాడు.

"అడగమంటే నోరు పెగల్లేదు. తిట్టడానికి మాత్రం కోడి కంటే ముందు లేస్తావు! వేడి పోతోంది, తలుపెయ్యి!" అని డోరీన్ సణిగేది. ఒకరి గుమ్మం ఇంకొకరు తొక్కింది లేదు. తిట్టు దాటి ఇంకో మాట నడిచింది లేదు. ఇంత చేసి నేను సాధించింది ఇదా, ముసలాళ్ళ తిట్ల పురాణమా అనుకునేది.

జనవరిలో సముద్రం మీంచి రాళ్ళు కోసే గాలి వచ్చింది. ఎంత వెచ్చటి గదైనా విల్ఫ్‌కి ఛాతీ పట్టనే పట్టింది. నర్సు వచ్చి చూసి, థర్మామీటరు విదిలిస్తూ, "కిందటేడు గదయితే ఈపాటికి తీసుకెళ్ళిపోయి ఉండేవాళ్ళం. ఈ గదిలో ఉంచి చూద్దాం," అంది. మంచం దిగనివ్వద్దంది. రెండు పొద్దుల పాటు పెరట్లో కేక లేదు.

ఆ రెండో పొద్దున ముందు తలుపు ఎవరో తట్టారు. నర్సేమో అనుకుని డోరీన్ బార్లా తెరిచింది. గుమ్మంలో మ్యాటీ రేన్ నిలబడి ఉన్నాడు. ఓవర్‌కోటు మీద మంచు, చేతులు జేబుల్లో. అతని చుట్టూ దూసుకొచ్చిన గాలికి హాల్లో కోట్లన్నీ ఊగాయి.

"తిట్టు రాలేదు," అన్నాడు మ్యాటీ.

"ఒంట్లో బాలేదు. మంచం దిగట్లేదు."

"నిన్నా రాలేదు."

"అదే చెప్తున్నా కదయ్యా, బాలేదని."

"ఓహో," అన్నాడు మ్యాటీ. వెళ్ళలేదు. లోపలికీ రాలేదు. గడప మీద కాలు కూడా పెట్టలేదు. రమ్మనే మాట డోరీన్ నాలుక చివరి దాకా వచ్చింది. ఇది విల్ఫ్ ఇల్లు కూడా కదా అని ఆగింది. ఆగినందుకు తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. తలుపు పట్టుకుని, గాలిలో కొంగలా నిలబడిపోయింది.

"ఎవరే అది?" అని పై నుంచి బొంగురు గొంతు.

"మ్యాటీ."

మ్యాటీ మెట్ల వైపు చూశాడు, తర్వాత తన బూట్ల వైపు చూసుకుని, వెళ్ళడానికి సగం తిరిగాడు.

"లోపలికొచ్చి చస్తాడా, బయటికి పోయి చస్తాడా?" అని అరుపు వచ్చింది పై నుంచి. నడుమ ఒకసారి ఊపిరి కోసం ఆగి, మళ్ళీ అందుకుంది. "ఏదో ఒకటి చేసి తలుపెయ్యమను వెధవని! వేడంతా పోతోంది!"

మ్యాటీ డోరీన్ మొహంలోకి చూశాడు. డోరీన్ పక్కకి తప్పుకుంది. అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని, పట్టా మీద కాళ్ళు రెండూ బాగా తుడుచుకుని, లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి తలుపు గట్టిగా వేశాడు.